కోర్ల లెక్క సరే, మెమరీ మాటేమిటి?

మా రోజుల్లో కొత్త ప్రాసెసర్ వచ్చిందంటే పాత ప్రోగ్రాం దానంతటదే పరుగందుకునేది. 486 తీసేసి పెంటియం పెట్టుకుంటే చాలు, కోడ్‌లో ఒక్క లైను ముట్టుకోనక్కర్లేదు, ఆఫీసులో జీతాల లెక్క ఎంతో ముందే తేలిపోయేది. 1993లో మొదటి పెంటియం 60, 66 మెగాహెర్ట్జ్‌లతో వచ్చింది. 2000 మార్చికల్లా ఏఎండీ అథ్లాన్ ఒక గిగాహెర్ట్జ్‌ అందుకుంది. ఏడేళ్లలో పదిహేను రెట్లు! ప్రోగ్రాం ఎలా రాసినా ఆ వేగంలో వాటా దక్కేది.

2004లో ఆ దారి మూసుకుపోయింది. నాలుగు గిగాహెర్ట్జ్ పెంటియం 4 తెస్తామన్న ఇంటెల్ ఆ ఏడాదే దాన్ని మానుకుంది. వేడి అంతకంతకూ పెరిగిపోతోంది మరి. మర్నాడే అన్నట్టు, 2005లో రెండు కోర్ల పెంటియం డి, అథ్లాన్ 64 ఎక్స్2 వచ్చాయి. అప్పట్నుంచి వేగం మునుపట్లా పెంచలేక కోర్ల సంఖ్య పెంచుతున్నారు.

ఇప్పుడు నలుగురు కుర్రాళ్లు చేరితే ఒకటే ముచ్చట, రాబోయే చిప్పులో కోర్లెన్ని అని. ఏఎండీ సర్వర్ చిప్పు ఎపిక్‌లో 2017లో 32, 2024లో 192. ఇంటెల్ 288 చిన్న కోర్లంది, ఏఎండీ వెనిస్ అనే ఎపిక్‌కు 256 అంది. 512 ఎప్పుడొస్తుందని ఊహాగానాలు. బాబూ, వాటన్నిటికీ డేటా అందేదెలా? ఆ మొదటి ఎపిక్‌లో 32 కోర్లకు 8 మెమరీ ఛానెళ్లు, ఛానెల్‌కు నాలుగు కోర్లు. 192 కోర్లదానికి 12 ఛానెళ్లే, ఛానెల్‌కు పదహారు. డీడీఆర్5 వచ్చి ఛానెల్ వేగం రెట్టింపు పైన పెరిగింది, కాదనను. అయినా ఒక్కో కోరుకు దక్కే వాటా తగ్గింది. ఊరంతా చేదలు పట్టుకొచ్చి ఒకే బావి చుట్టూ నిలబడితే ఎవరి బిందె ఎప్పుడు నిండాలి?

వెనిస్ గురించి ఏఎండీ ఇంకో మాట కూడా చెప్పింది. ఒక్కో సాకెట్‌కు సెకనుకు 1.6 టెరాబైట్ల మెమరీ వేగమట. కోరుకు ఆరు గిగాబైట్లకు పైమాటే. పాత ఎపిక్‌ను మించిన వాటా అది! నన్ను సంతోషపెట్టిన అంకె అదొక్కటే, దాని ఊసెత్తేవాళ్లే లేరు.

మెమరీ అందినా ఇంకో అడ్డుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త ఆమ్డాల్ 1967లోనే చెప్పాడు: పనిలో నూటికి ఐదు పాళ్లు ఒకదాని తర్వాత ఒకటిగా చేయాల్సిందైతే, ఎన్ని వేల కోర్లు పెట్టినా ఇరవై రెట్లకు మించి వేగం రాదు. అది చదవకుండానే కోర్సులు పూర్తవుతున్నాయి. పనిని విడగొట్టడం, లాకుల దగ్గర థ్రెడ్లు ఎందుకు ఆగిపోతాయో కనిపెట్టడం ఎవరు నేర్పుతున్నారు? వందలమంది కస్టమర్ల వర్చువల్ మెషీన్లు నడిపే డేటా సెంటర్ల సంగతి వేరు. అక్కడ ఎవరి పని వారిదే, ఎన్ని కోర్లిచ్చినా చెల్లుతాయి.

డెస్క్‌టాప్ మీదే నా కోపమంతా. 2019లో రైజెన్ 3950ఎక్స్‌కు 16 కోర్లు, రెండు ఛానెళ్లు. 2024లో 9950ఎక్స్‌కూ అంతే. ఇప్పుడు తర్వాతిదానికి 24 కోర్లని పుకారు. మరి ఛానెళ్లో? మూడోది వస్తుందన్న పుకారైనా నా చెవిన పడలేదు. పెద్ద ప్రాజెక్టులు కంపైల్ చేసేవాళ్లూ, వీడియో రెండర్ చేసేవాళ్లూ కొనుక్కోనీ. బ్రౌజరూ ఎక్సెలూ వాడేవాళ్లకు ఎనిమిది కోర్లు ధారాళం. మిగిలిన డబ్బు ర్యామ్ మీద పెట్టమనండి.