వయసు అడిగి ఊరుకుంటే చాలా?

డెబ్భై దాటినవాడు ఆసుపత్రికి వెళ్ళినా, కార్ల షోరూముకు వెళ్ళినా ఇప్పుడు మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే. "వయసెంతండీ?" జవాబు చెప్పామో లేదో, విచారణ అక్కడితో ముగుస్తుంది. ఆసుపత్రిలో "ఈ వయసులో ఇవన్నీ మామూలేనండీ, స్పెషలిస్టుకు రాస్తాను" అంటారు. షోరూములో "ఈ వయసులో మీకు ఎత్తు సీటున్న ఆటోమేటిక్ బండే సుఖం సార్" అంటారు. మోకాలు ఎంతవరకు వంగుతోంది, మెడ ఎంత తిరుగుతోంది, రాత్రిపూట ఎదుటి బండి లైట్లు కళ్ళలో పడితే ఏమవుతోంది అని అడిగే నాథుడు లేడు. మా రోజుల్లో మనిషిని చూసేవారు. ఇప్పుడు వయసును చూస్తున్నారు. నా బాధంతా అదే.

మా ఇంటికి వచ్చే డాక్టరు గారిది విశాఖ వన్ టౌన్. ఎల్.ఎం.పి. చదివినవారు. ఆ చదువును తర్వాత ఎత్తేశారు గానీ, అరవైల్లో, డెబ్భైల్లో మన ఊళ్ళను కాచింది చాలావరకు ఆ చదువు చదివినవాళ్ళే. మా నాన్నగారి ఆయాసం ఏ నెలలో ముదురుతుందో ఆయనకు తెలుసు. ఉప్పు తగ్గించానని మా అమ్మ చెబితే ఆయన చూపు ఊరగాయ జాడీ మీదికి పోయేది. ఇంటికి మెట్లెన్ని, పెరట్లో మరుగుదొడ్డి ఎంత దూరం, రాత్రి ముసలాయన లేస్తే తోడు లేచేదెవరు? ఇవన్నీ ఆయన వైద్యంలో భాగమే.

ఆయన తిరిగిన బండి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్. 1961 నుంచి మన దేశంలో వచ్చింది. ఈ తరానికి ఆ బండి తెలియదు. రెండే తలుపులు. బానెట్టుతో పాటు రెండు మడ్‌గార్డులూ కలిసి ముందుకు లేచేవి, ఇంజను మొత్తం కళ్ళెదుట ఉండేది. పాతికడుగుల వెడల్పులో గిర్రున తిరిగేది కాబట్టి వన్ టౌన్ సందులకు అంతకన్నా తగిన కారు లేదు. ఇంగ్లండులో 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే చిన్న స్పోర్ట్స్ కారు ఈ హెరాల్డ్ ఛాసిస్ నుంచి పుట్టిందే. రెంటికీ రూపం గీసింది ఇటలీకి చెందిన జొవాన్ని మికెలోట్టి. అంటే మా డాక్టరు గారు రోగుల ఇళ్ళకు వచ్చింది ఒక స్పోర్ట్స్ కారు తోబుట్టువులో. చిన్న కార్ల మీద నా మక్కువ అక్కడే మొదలైంది.

తన చేతిలో లేని జబ్బని తోస్తే డాక్టరు గారు కేజీహెచ్‌కు ఉత్తరం రాసేవారు. 1923 నుంచి ఉత్తరాంధ్రకంతా పెద్దాసుపత్రి అదే. ఆ ఉత్తరంలో ఏముండేదో ఇప్పటి పిల్ల డాక్టర్లు వినాలి. జబ్బు ఎప్పుడు మొదలైంది, ఇంతవరకు ఏ మందు ఎంత మోతాదులో ఇచ్చారు, ఏది పడింది, ఏది పడలేదు, తన అనుమానం ఏమిటి, ప్రొఫెసరు గారి నుంచి తనకు కావలసిన జవాబు ఏమిటి. చివర్లో, చూసి తిరిగి నా దగ్గరికే పంపగలరు అని ఒక వాక్యం. ప్రొఫెసరు గారు ఆ కాగితం వెనకే జవాబు రాసేవారు. దాన్ని తెచ్చి మళ్ళీ మా డాక్టరు గారి బల్ల మీద పెట్టేవాళ్ళం. పెద్దాసుపత్రికి పంపినంత మాత్రాన రోగి ఆయన చేయి దాటిపోయేవాడు కాదు.

ఇప్పటి రిఫరల్ కాగితం చూడండి. పేరు, వయసు, ఆడో మగో, ఏ విభాగానికి వెళ్ళాలో. అంతే. ఎందుకు పంపుతున్నారో ఉండదు. వెళ్ళిన చోట ఏం తేల్చారో పంపినవారికి తెలియదు. ఫైలు మోసేది రోగి, కథ మొదటి నుంచి చెప్పుకోవాల్సింది రోగి. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషికి ఒక విభాగంలో చెప్పింది ఇంకో విభాగానికి వెళ్ళేలోపు మరుపొస్తుంది. దానికి మళ్ళీ మరో విభాగం.

మా తోడల్లుడి సంగతి చెబుతాను. ఊరు, ఆసుపత్రి పేరు చెప్పను. ఆయనకు మోకాళ్ళ నొప్పి. ఎముకల డాక్టరు నొప్పి మాత్రలు రాశారు. ఆ జాతి మాత్రలు రోజూ వాడితే రక్తపోటు పెరుగుతుంది, మూత్రపిండాల మీదా భారం పడుతుంది. బీపీ పెరిగిందని గుండె డాక్టరుకు పంపారు. ఆయన ఆమ్లోడిపిన్ మోతాదు పెంచారు. ఆ మందుతో చాలామందికి పాదాలు వాస్తాయి. ఈయనకూ వాచాయి. వాపు చూసి ఇంకొకరు నీరు పోయే మాత్ర రాశారు. ఆ మాత్రతో రాత్రి మాటిమాటికీ లేవాల్సి వచ్చింది. ఒక రాత్రి బాత్రూములో పడ్డారు, తుంటి విరిగింది. మొదటి నొప్పి మాత్ర ఆపితే ఇదంతా జరిగేది కాదేమో అని చూసే ఒక్క మనిషి ఆ వరుసలో లేడు. ఎవరి విభాగంలో వారు సరిగ్గానే చేశారు. మొత్తం మనిషి మాత్రం ఎవరి విభాగంలోనూ లేడు.

ఇది వైద్యశాస్త్రానికి తెలియనిదేమీ కాదు. ముసలివాళ్ళకు ఏ మందులు ఇవ్వకుండా ఉంటే మంచిదో 1991లోనే అమెరికాలో మార్క్ బీర్స్ అనే డాక్టరు జాబితా కట్టారు. దాన్ని అక్కడి వృద్ధవైద్య సంఘం ఎప్పటికప్పుడు సవరిస్తోంది. జలుబుకని కొనుక్కునే పాతకాలపు క్లోర్‌ఫెనిరమిన్, నిద్రకని వేసుకునే డయాజెపామ్ కూడా అందులో ఉన్నాయి. ముసలి ఒంట్లో అవి మత్తును, తికమకను తెస్తాయి, పడిపోయేలా చేస్తాయి. మన పక్కనే మద్రాసు జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ వి.ఎస్. నటరాజన్ 1978లోనే వృద్ధుల కోసం ప్రత్యేకంగా ఓపీ మొదలుపెట్టారు. 1996లో మద్రాసు మెడికల్ కాలేజీలో ఆ విభాగానికి ఎం.డి. చదువూ వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా మన జిల్లాల్లో "ముసలివాళ్ళ డాక్టరు ఎక్కడ?" అని అడిగితే జనం వింతగా చూస్తారు.

కొత్త కాలం మేలేమీ చేయలేదని నేను అనను. 2005లో హైదరాబాదులో 108 మొదలైంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. గుండె ఆపరేషను అనే మాట వింటేనే పొలం అమ్ముకోవాలనుకునే ఇళ్ళలో మనుషులు బతికి బయటపడ్డారు. కంటి శుక్లం తీయించుకుని అదే రోజు ఇంటికి వస్తున్నాం. 2024లో ఆయుష్మాన్ భారత్‌ను ఆదాయంతో పనిలేకుండా డెబ్భై దాటినవారందరికీ విస్తరించారు. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు సీజీహెచ్‌ఎస్‌లో స్పెషలిస్టును చూడాలంటే రిఫరల్ అక్కర్లేని వయసును అదే ఏడాది 75 నుంచి 70కి తగ్గించారు. ముసలివాళ్ళను చీటీల కోసం తిప్పకుండా చేసిన ఆ పనికి దండం పెడతాను.

కానీ చీటీ తీసేసినంత మాత్రాన దారి చూపినట్టు కాదు. ఏ స్పెషలిస్టు దగ్గరికి వెళ్ళాలో తేల్చుకోవడం ఇప్పుడు రోగి నెత్తిన పడింది. పథకాలేమో ఆపరేషనుకు, మంచానికి డబ్బిస్తాయి. ఒక ముసలాయన మందుల సంచీ బల్ల మీద బోర్లించి, అరగంట కూర్చుని, ఇది ఉంచు, ఇది ఆపు అని చెప్పే డాక్టరుకు ఇచ్చేదేమీ లేదు. అందుకే ఆ అరగంట ఎవరి దగ్గరా దొరకదు. ఇక రోగిని పంపినందుకు కమీషను పుచ్చుకోకూడదని వైద్యమండలి 2002 నిబంధనల్లోనే స్పష్టంగా ఉంది. ఆ నిబంధనను అక్షరాలా పాటించే డాక్టర్లను నేను ఎరుగుదును. వాళ్ళ పేరు నిలబడాలంటే పాటించనివాళ్ళను నిలదీయాలి.

పంపకూడని చోటికి పంపడం ఒక తప్పయితే, పంపాల్సినవాళ్ళను పంపకపోవడం అంతకంటే పెద్ద తప్పు. మతిమరుపు వస్తే "వయసండీ" అంటారు. బి12 తగ్గినా, థైరాయిడ్ మందగించినా మతిమరుపు వస్తుంది, చిన్న రక్తపరీక్షతో తేలుతుంది. చెవుడొస్తే "వయసండీ". మనసు దిగులుగా ఉందంటే "వయసండీ". మూత్రం ఆగడం లేదని సిగ్గు చంపుకుని చెబితే అదే మాట. వయసు అనేది రోగం పేరు కాదు. అలా రాసేవారి కలం పట్టుకుని ఆపాలి.

మా తోడల్లుడికి తుంటి మార్చారు. డిశ్చార్జి కాగితాలు బొత్తి అంత ఇచ్చారు. "ఏ కారు నడుపుతారు?" అని మాత్రం ఎవరూ అడగలేదు. ఆయనది పాత ఫియట్ పాలియో 1.6, ఆ రోజుల్లో వంద గుర్రాల బలమున్న చిన్న కారు. దాని సీటు కిందికి ఉంటుంది. తుంటి మార్చిన కొత్తలో మోకాళ్ళు నడుము కంటే పైకి లేచేలా కూర్చోకూడదు. సీటు మీద మెత్త వేసుకోవాలి, ముందు వెనక్కి తిరిగి కూర్చుని, తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. ఇంత చిన్న సంగతి ఫిజియోథెరపీ చేయించడానికి ఇంటికి వచ్చిన కుర్రాడు చెప్పాడు. గుమ్మం ముందున్న బండిని చూశాడు కాబట్టి చెప్పగలిగాడు. మా హెరాల్డ్ డాక్టరు గారి పద్ధతి అదే.

ఇక కారు కొనడం సంగతి. నాకు చిన్నది, తేలికది, చేతి గేర్లది, చురుకైనది కావాలి. మన దేశంలో రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు ఎప్పుడూ నిలదొక్కుకోలేదు. గోవాలో తయారైన శాన్ స్టార్మ్ వచ్చి వెళ్ళింది. అమెరికాలో ఉన్న మా బావమరిది మాజ్డా మియాటా కొనుక్కున్నాడు. 1989లో పాత ఇంగ్లీషు చిన్న కార్ల స్ఫూర్తితో వచ్చిన బండి, మొదటి తరం బరువు టన్ను లోపే, ఎత్తు నాలుగడుగులు. ఇక్కడైతే చురుకైన హ్యాచ్‌బ్యాక్‌లే గతి. పోలో 2022లో ఆగిపోయింది. ఐ20 ఎన్ లైన్, 2024లో వచ్చిన ఆల్ట్రోజ్ రేసర్ లాంటివి చూశాను. రేసర్‌లో ఆరు గేర్లు, 120 గుర్రాల బలం.

షోరూముకు వెళితే కుర్రాడు ఆ బండి దగ్గరికే పోనివ్వడు. మా అబ్బాయికి చూపిస్తాడు, నన్ను ఎత్తు బండి వైపు నడిపిస్తాడు. నేను కూర్చుని లేచి చూశానా? క్లచ్ తొక్కి చూశానా? ఏదీ లేదు. మా రోజుల్లో ఎంచుకోవడానికి అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్ మూడే ఉండేవి, బుక్ చేసి ఏళ్ళు ఎదురుచూసేవాళ్ళం. అయినా కొనబోయేవాడి వెంట మెకానిక్ వచ్చేవాడు. మనం నడుపుతుంటే పక్కన కూర్చుని, మన కాలు ఎలా పడుతోందో చూసి చెప్పేవాడు.

అందుకే నా తోటివాళ్ళకు చెబుతున్నాను. కారు కొనాలంటే పదేపదే కూర్చుని లేచి చూడండి. ఎక్కడం సులువే, దిగడంలోనే మోకాలి బండారం బయటపడుతుంది. ఎడమ మోకాలు అరిగితే ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కి చూసి, అప్పుడు ఆటోమేటిక్ సంగతి తేల్చుకోండి. మెడ తిప్పి వెనక్కి నడిపి చూడండి. చీకటి పడ్డాక ఒకసారి నడపండి, శుక్లం ఉంటే ఎదుటి లైట్లు చెదిరిపోతాయి. ఏసీ తగ్గించడానికి కూడా తెర మీద వేలితో వెతుక్కోవాల్సిన బండి మనకొద్దు. దూరం నుంచి దగ్గరికి, దగ్గర నుంచి దూరానికి చూపు కుదురుకోవడానికి ముసలి కంటికి సమయం పడుతుంది, చేతికి తగిలే మీటలే మేలు. స్పీడ్ బ్రేకరు పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలని రోడ్ కాంగ్రెస్ కొలత. మన వీధుల్లో నిట్టనిలువు దిబ్బలు పోస్తారు కాబట్టి నేలకు ఎంత ఎత్తులో ఉందో, టైరు అంచు ఎంత మందముందో చూడండి.

డాక్టరూ కారూ కలిసే చోటు చట్టంలోనే ఉంది. యాభై అయిదు దాటాక లైసెన్సు అయిదేళ్ళకోసారి మార్పించుకోవాలి, దానికి ఫారం 1ఎ మీద డాక్టరు సంతకం కావాలి. చూపు, చెవి, చేతులు, కాళ్ళు చూసి పెట్టాల్సిన సంతకం అది. మనిషి మొహం చూడకుండా స్టాంపు కొట్టే చోట్లు నేను చూశాను. మా డాక్టరు గారు మా నాన్నగారిని చీకటి పడ్డాక స్కూటరు ముట్టొద్దన్నారు. పగలు నడపొద్దనలేదు. వయసు మాత్రమే చూసినవాడు రెండూ మాన్పించేవాడు. కన్ను చూశారు కాబట్టి ఏది మానాలో, ఏది మానక్కర్లేదో తెలిసింది.

నా కోరికలు పెద్దవి కావు. డాక్టర్లూ, రోగిని పంపితే ఎందుకు పంపుతున్నారో నాలుగు వాక్యాలు రాయండి, అక్కడి జవాబు తెప్పించుకోండి, కొత్త మందు రాసే ముందు పాతవి ఎన్నో లెక్కపెట్టండి, బండి నడుపుతారా అని అడగండి. పిల్లలూ, అమ్మానాన్నల మందులన్నీ ఏడాదికోసారైనా ఒకే డాక్టరు బల్ల మీద పెట్టండి. ప్రభుత్వాలూ, ఆపరేషనుకు ఇచ్చినట్టే ఆ అరగంటకూ డబ్బివ్వండి. షోరూము కుర్రాళ్ళూ, ముసలాయన అడిగిన కారు తాళం ముందు ఆయన చేతిలో పెట్టండి. అది తగదని తేలితే బండి దిగి మేమే చెబుతాం.