చీరల కింద దాచిన మాత్రలు

బీరువాలో పట్టుచీరల కింద నుంచి ఐరన్ మాత్రల షీట్లు ఎనిమిది తీసి మంచం మీద పరిచాను. షీటుకు పది మాత్రలు. ఒకదాంట్లో మాత్రం మూడు గుంతలు ఖాళీ. వాటిని అక్కడ దాచింది నేనే. ఆ సాయంత్రానికి నాకు ఆరో నెల నిండుతోంది. పొద్దున వచ్చిన రిపోర్టులో హిమోగ్లోబిన్ 7.6 ఉంది.

నేను జీవశాస్త్రం టీచర్‌ని. చంద్రగిరి దగ్గర హైస్కూల్లో పదో తరగతికి రక్తం పాఠం చెప్పేదాన్ని. ఐరన్ లేనిదే హిమోగ్లోబిన్ తయారవదని నల్లబల్ల మీద నా చేత్తోనే రాసేదాన్ని. అందుకే తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

మొదటి మూడు నెలలు వేవిళ్లతో మంచినీళ్లు కూడా ఇమడలేదు. పద్నాలుగో వారంలో ఒకరోజు లేచేసరికి కడుపులో తిప్పడం లేదు. ఆ మధ్యాహ్నం రాగిసంగటిలో చెనిక్కాయల ఊరిబిండి నంజుకుని కడుపునిండా తిన్నాను. ఒంట్లోకి ఓపిక తిరిగొచ్చింది. పందొమ్మిదో వారంలో క్లాసులో పాఠం చెబుతుండగా బొడ్డు కింద ఏదో మెదిలింది. చిన్నప్పుడు సంతనుంచి గుడ్డసంచిలో కోడిపిల్లను ఒడిలో పెట్టుకుని తెచ్చేటప్పుడు అది అటూ ఇటూ సర్దుకునేది కదా, సరిగ్గా అట్లాగే. సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను. తొలిచూలు వాళ్లకు ఈ కదలిక తెలిసేది సాధారణంగా 18, 20 వారాల మధ్యనే. ఇరవయ్యో వారంలో తిరుపతిలో టిఫా స్కాన్ తీశారు. గుండెలో నాలుగు గదులు, వెన్నుపూస, చేతివేళ్లు వరసగా చూపించి అన్నీ బాగున్నాయన్నారు. బిడ్డ బాగుందంటే నేనూ బాగున్నాననుకున్నాను. నా మొదటి తప్పు అది. ఆ స్కాన్ బిడ్డ అవయవాలను చూస్తుంది, తల్లి రక్తంలో ఏముందో చెప్పదు.

మాత్రలు మానడానికి చిన్న కారణమూ ఉంది, పెద్ద కారణమూ ఉంది. మూడు రోజులు వేసుకునేసరికి మలబద్ధకం పట్టుకుంది, విరేచనం నల్లగా అయ్యింది. అది చూసి మా అత్త, "చూడమ్మే, నీకే ఇంత నల్లగా పోతావుండాదే, బిడ్డకు ఆ రంగు పట్టదా?" అంది. ఆమె కీడు కోరి అనలేదు. ఆమె అత్త ఆమెకు చెప్పిన మాట అది. నేను నవ్వేసి ఊరుకున్నాను. ఆ రాత్రే షీటు తీసుకెళ్లి చీరల కింద పెట్టాను.

నేను నల్లగా ఉంటాను. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు పక్కగదిలో "పిల్ల చాయ తక్కువ" అనుకున్నది రెండుసార్లు నా చెవులతో విన్నాను. నా కడుపున పుట్టేదానికి ఆ మాట వద్దనుకున్నాను. చదివిన చదువు కంటే ఆ మాటే నాలో లోతుగా ఉందని అప్పుడు తెలియలేదు. జీతం డబ్బుతో కుంకుమపువ్వు కొని రోజూ రాత్రి పాలలో వేసుకుని తాగాను. బిడ్డ రంగు తల్లిదండ్రుల జన్యువులను బట్టి వస్తుంది. కుంకుమపువ్వుకు దాన్ని మార్చే శక్తి లేదు, ఐరన్ మాత్రకూ లేదు. ఇదీ నాకు తెలుసు.

నాలుగో నెల నుంచే ఆ మాత్ర ఎందుకు మొదలుపెడతారో ఇప్పుడు చెబుతాను, అప్పుడు నాకు నేను చెప్పుకోలేదు గనుక. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం పెరుగుతూ పోయి కాన్పు నాటికి దాదాపు సగం ఎక్కువవుతుంది. కానీ అందులో నీటిభాగం పెరిగినంతగా ఎర్రకణాలు పెరగవు. పైగా బిడ్డ తన వాటా తాను తీసుకుంటుంది. అందుకే మూడు నెలలు దాటగానే రోజుకొక ఎర్రమాత్ర ఇస్తారు. అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. 180 రోజులు వేసుకోవాలి.

ఒళ్లు ముందే చెప్పింది. ఐదో నెలలో మొక్కు ఉందని శ్రీవారిమెట్టు దారిన కొండెక్కబోయాం. 2,388 మెట్లు. మూడొందలైనా ఎక్కకముందే కళ్లముందు నల్లచుక్కలు, గుండె గొంతులో కొట్టుకుంది. "కడుపుతో ఉండేదానికి ఆయాసం మామూలే" అన్నారు వెంట వచ్చినవాళ్లు. సరేననుకుని కిందికి దిగి బస్సులో పోయాను. తర్వాత పచ్చిబియ్యం మీద మనసు పోయింది. స్కూలుకు డబ్బాలో పెట్టుకెళ్లి విరామంలో నమిలేదాన్ని. అది కోరిక అన్నారు. ఐరన్ తగ్గినవాళ్లకు బియ్యం, మట్టి, బలపం, ఐసుముక్కలు తినబుద్ధవుతుందని ఆ తర్వాత డాక్టరమ్మ చెప్పింది.

ఇంటికొచ్చి "మాత్రలు వేసుకుంటుండారా టీచరమ్మా?" అని ఆశా కార్యకర్త అడిగిన ప్రతిసారీ "వేసుకుంటున్నా" అన్నాను. టీచర్ని కదా, ఆమె నమ్మి రాసుకుంది.

ప్రతినెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేకంగా పరీక్షలు చేస్తారు. గ్లూకోజు నీళ్లు తాగించి షుగరు చూడాలంటే వెళ్లాను. షుగరు లేదు. రక్తం మాత్రం 7.6కు పడిపోయింది. కడుపుతో ఉన్నామెకు 11 ఉండాలి. ఏడుకు తగ్గితే ప్రమాదంలో ఉన్నట్టే. రోజు విడిచి రోజు మంచం మీద పడుకోబెట్టి కాఫీ డికాషన్ రంగు ఐరన్ మందును సెలైన్‌లో కలిపి చుక్కచుక్కగా ఎక్కించారు. ఐదుసార్లు వెళ్లాను. రెండోసారి వెళ్లినప్పుడు చీరల కింది షీట్ల సంగతి డాక్టరమ్మకు చెప్పేశాను. ఆమె తిట్టలేదు. "మలబద్ధకమని ఆ రోజే చెప్పుంటే మందు మార్చేవాళ్లం కదమ్మా" అంది.

పాప నెలలు నిండే పుట్టింది, 2.3 కిలోలు. రెండున్నర లోపు పుడితే బరువు తక్కువ కింద లెక్క. రక్తం తక్కువైన తల్లులకు అలాంటి బిడ్డలు పుట్టే ముప్పు ఎక్కువ. నా విషయంలో అదే కారణమని ఎవరూ తేల్చి చెప్పలేదు. కాదని నేను అనుకోలేను. పాప ఇప్పుడు బాగుంది. నా రంగే.

నాలుగో నెలలోకి వచ్చిన అమ్మాయిలారా, వాంతులు ఆగాయని పరీక్షలు మానకండి. ఐరన్ మాత్రను పాలతో, టీతో వేసుకోకండి. కాల్షియం మాత్రకూ దానికీ కనీసం రెండు గంటల ఎడం పెట్టండి. మాత్ర పడకపోతే పడలేదని ఆశా కార్యకర్తకు చెప్పండి. వేసుకున్నానని మాత్రం అబద్ధం చెప్పకండి.