బ్యాటరీలోకి మాత్రం రావద్దు: బోరు నీటికి బహిరంగ లేఖ

నల్లగొండ, పాలమూరు రాతినేల అడుగున ఉండే బోరు నీటికి,

నీతో మాకు పాత లెక్కలే చాలా ఉన్నాయి. గ్రానైటు రాళ్ల సందుల్లో ఏళ్లకేళ్లు నిలిచి, వాటిలోని ఫ్లోరైడును కరిగించుకొని పైకొచ్చావు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు తరాల తరబడి ఎముకలు వంచావు. పటిక, సున్నం వేసి నీలోని ఫ్లోరైడును తగ్గించేందుకు నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు: నల్లగొండ టెక్నిక్. అది మనుషుల సంగతి. ఈ లేఖ మా మోటార్‌సైకిల్ గురించి.

పొద్దున్నే పొలానికో డ్యూటీకో బయలుదేరి సెల్ఫ్ నొక్కితే బండి టిక్కుటిక్కుమని ఆగిపోతుంది. సైడు మూత తీసి చూస్తే బ్యాటరీలో నీళ్లు కింది గీతకంటే దిగువకు పోయి ఉంటాయి. పక్కనే బిందెలో నువ్వుంటావు. "నీళ్లే కదా, ఏవైతేంది" అని పోసేస్తారు. మూత తెరిచి నీళ్లు పోసే బ్యాటరీ ఉన్న పాత బండికీ, ట్రాక్టరుకూ, ఇంట్లో ఇన్వర్టరుకూ ఇదే గతి.

లోపల నువ్వు చేసే పని ఎవరికీ కనిపించదు. బ్యాటరీ నిండే వేళ అందులోని నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోయి బయటికి పోతుంది. యాసిడ్ మాత్రం లోపలే ఉంటుంది. అందుకే తగ్గిన మేరకు డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే కలపాలి, యాసిడ్ పోయకూడదు. నువ్వు వస్తే నీతోపాటు ఉప్పులూ వస్తాయి. నీరు ఆవిరైనా అవి కదలవు, పోసిన ప్రతిసారీ ఇంకాస్త పేరుకుంటాయి. క్లోరైడు సీసపు పలకల చట్రాన్ని తింటుంది. ఇనుము ఉంటే, బండి ఆపి ఉంచినా చార్జి దానంతటదే దిగిపోతుంది.

దీనికి మించిన నష్టం ఇంకొకటి ఉంది. నీళ్లు మాటిమాటికి తగ్గుతున్నాయంటే బండి ఏదో చెబుతోందని అర్థం. నిన్ను పోసి ఆ మాట వినకుండా ఊరుకుంటున్నాం. అప్పుడు చూడాల్సింది చార్జింగ్‌ను. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక మల్టీమీటరు పెడితే, నిండిన బ్యాటరీ 12.6 వోల్టులు లేదా ఆపైన చూపాలి. ఇంజన్ స్టార్ట్ చేసి రేస్ ఇచ్చినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. 15 దాటితే రెగ్యులేటర్ చెడింది, నీళ్లను మరిగిస్తున్నది అదే. 13 కూడా ఎక్కకపోతే కాయిల్, వైరింగ్, రెగ్యులేటర్ వరుసగా చూడాలి. ఈ పరీక్ష చేయకుండా కొత్త బ్యాటరీ వేస్తే అదీ త్వరలోనే పోతుంది.

మా ఎండ నీకు తోడవుతుంది. నల్లగొండలో వేసవి 45 డిగ్రీలకు చేరితే నీళ్లు ఇంకా త్వరగా తగ్గుతాయి. బ్యాటరీ చెడడానికి పాలమూరు వలస ఇంకో కారణం. ఇంటివాళ్లు పుణె, ముంబై పనులకు పోతే బండి నెలల తరబడి నిలబడే ఉంటుంది. చార్జి దిగిపోయిన పలకల మీద సల్ఫేటు గట్టిపడి, తర్వాత ఎంత చార్జి పెట్టినా ఎక్కదు. పోయేముందు బ్యాటరీని నిండా చార్జి చేసి, నెగటివ్ వైరు విప్పి పోవాలి. ఇంట్లో ఉన్నవాళ్లు నెలకోసారి చార్జర్ పెట్టాలి. 5 ఆంపియర్ అవర్ బ్యాటరీకి అర ఆంపియర్ చాలు. మూతలున్న బ్యాటరీకి చార్జి పెట్టేటప్పుడు గాలి ఆడాలి, దగ్గర బీడీ కూడా ఉండకూడదు.

మహబూబ్‌నగర్ పక్క దివిటిపల్లిలో 2023 మే 6న అమర రాజా లిథియం బ్యాటరీల ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. ఆ రకం బ్యాటరీలో నీళ్లు పోసే పనే లేదు. కానీ ఇవాళ మా బళ్లలో ఎక్కువగా ఉన్నది 1859లో ఫ్రాన్సులో ప్లాంటే కనిపెట్టిన సీసం, యాసిడ్ జాతిదే. దాన్ని కాపాడుకునే బాధ్యత మాది.

నీ విషయంలో మా తప్పూ ఉంది. పాడైన బ్యాటరీలోని యాసిడ్‌ను దొడ్లో పారబోస్తే దానితోపాటు సీసం నేలలోకి చేరుతుంది. ఆ నేల మీది వాననీరే ఇంకి నీలో కలుస్తుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీలు తిరిగి సేకరించేలా చూడాల్సింది తయారీదార్లు. అందుకే దాన్ని విప్పకుండా, యాసిడ్ వంపకుండా కొత్తది కొనే షాపులోనే ఇచ్చేస్తాం.

నువ్వు వరి మళ్లకు రా, పశువుల తొట్టికి రా. బ్యాటరీకి మాత్రం డిస్టిల్డ్ వాటర్ సీసా కొని ఇంట్లో పెట్టుకుంటాం. పదిహేను రోజులకోసారి మూత తీసి గీత చూస్తాం. నీళ్లు తగ్గితే ఎందుకు తగ్గాయో మెకానిక్‌ను అడిగి తెలుసుకుంటాం.

ఇట్లు,
దేవరకొండ దారిన రోజూ బండి మీద తిరిగే ఒక రైతు