వానాకాలంలో రండి, సముద్రంలో దిగకండి

అనకాపల్లి వైపు రావాలనుకునేవాళ్లకు అందరూ చెప్పే మాట ఒకటే. నవంబరు దాటాక రండి, చల్లగా ఉంటుంది, వలస పక్షులు వస్తాయి, పొద్దున్నే బయల్దేరితే ఒక్క రోజులో అన్నీ చుట్టేయొచ్చు. నేను దీనికి అడ్డంగా చెప్తాను. జులై, ఆగస్టుల్లో రండి. రోజుకి ఒక్కటే చూడండి. కెమెరా మరిచిపోయినా ఫరవాలేదు గానీ గొడుగు మరిచిపోకండి.

ముందు కొండకర్ల ఆవ సంగతి. ఎక్కువమంది పొరపాటు నెలలో చూసి వెళ్లిపోయేది దాన్నే. మునగపాక మీదుగా అచ్యుతాపురం వైపు పోతే తగిలే మంచినీటి సరస్సు అది. చలికాలంలో అక్కడ బాతులు దండిగా ఉంటాయి, కాదనను. కానీ ఇక్కడే ఉండిపోయే పక్షుల సంసారం చూడాలంటే వానలు పడాల్సిందే. నెమలితోక జకానానే తీసుకోండి. చలికాలంలో దానికి ఆ పొడుగు తోక ఉండదు, వెలిసిన రంగుతో మామూలు పిట్టలా తిరుగుతుంటుంది. వానలతో పాటే తోక వస్తుంది, మెడ వెనక పసుపు మెరుపు వస్తుంది. నీటి మీద తేలే ఆకులూ తీగలే దాని గూడు. ఆడది గుడ్లు పెట్టేసి ఇంకో మగదాని దగ్గరికి వెళ్లిపోతుంది. పొదిగేదీ, పిల్లల్ని కనిపెట్టుకునేదీ మగదే. నీళ్లు పెరిగి గూడు మునిగేలా ఉంటే గుడ్లను నెట్టుకుంటూ పక్క చోటికి మారుస్తుంది. కాలివేళ్లు చూడండి: ఒంటికి పొంతన లేనంత పొడుగు. బరువంతా పరుచుకుంటుంది కాబట్టే తామరాకు మీద మునగకుండా నడుస్తుంది. తామరాకంత దీవిలో ఒక తండ్రి చేసే కాపురం చూసి వెళ్లమంటాను.

దోనె ఎక్కాక తిప్పమని అడగకండి, ఆపమని అడగండి. రెండు తాటి మొద్దులు తొలిచి పక్కపక్కన కట్టిన దోనె అది. అందులో కూర్చుంటే చెయ్యి చాపేంత దూరంలోనే నీళ్లుంటాయి. వెనక నిలబడ్డ మనిషి గడకర్ర నేలకి ఆన్చి ఊరుకున్నాడంటే, కాసేపటికి పక్షులు మిమ్మల్ని పట్టించుకోవడం మానేస్తాయి. ఊరికే నిలిపినంతసేపటికీ డబ్బులిస్తామని గట్టు మీదే మాట్లాడుకోండి, లేకపోతే అతనికి వేరే బేరం పోతుంది. ఇంకో వంద ఎక్కువిస్తాం, గూటి దగ్గరికి పోనీ అనేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. పొదిగే పక్షి లేచిపోయిందంటే ఆ గుడ్లు ఎండకో, కాకులకో వదిలేసినట్టే. ఈదురుగాలి ఉన్న రోజు మాత్రం దోనె జోలికి పోకండి. కార్తీక వనభోజనాలకు కూడా ఈ గట్టు వద్దు. ఇక్కడికంటే మీ ఊరి తోటలోనే ఉసిరిచెట్టు బాగుంటుంది, విస్తళ్లు, గ్లాసులు తామరల్లోకి కొట్టుకుపోవు.

సముద్రానికి వెళ్లండి, అందులో దిగకండి. పూడిమడక తీరం చూడ్డానికి ఎంత మెత్తగా ఉన్నా లోపలికి లాగేస్తుంది. 2022 జులైలో సరదాగా వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులు ఇక్కడే కొట్టుకుపోయి ప్రాణాలు పోగొట్టుకున్నారు. వానల్లో సముద్రం ఇంకా కోపంగా ఉంటుంది కదా, మరి ఎందుకు రమ్మంటున్నానంటే వేట కోసం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేట ఆపేస్తారు, చేపలు గుడ్లు పెట్టే కాలమని. నిషేధం తీరాక ఒడ్డుకి కళ వస్తుంది. స్నానం బట్టలు ఇంట్లో పెట్టేసి, పడవలు ఒడ్డెక్కే వేళకి పొడి ఇసకలో నిలబడండి. వలలో చిక్కిన కవళ్లు ఒక్కొక్కటీ దులిపి తీస్తుంటారు. గంపల ముందు ఆడవాళ్లు పాట పెడుతుంటే కోనానికి ఎంత పలుకుతోందో, చందువ ఎవరి గంపకి వెళ్తోందో చూస్తూ ఉంటే పొద్దు తెలియదు. పడవ లాగేవాళ్ల దారిలో నిలబడి సెల్ఫీలు తీసుకోకండి.

అనకాపల్లి పక్కనే ఉన్న బౌద్ధ క్షేత్రం శంకరంలో అందరూ బొజ్జన్నకొండ మెట్లెక్కి, గుహల్లో బుద్ధుణ్ణి చూసి దిగిపోతారు. మీరు ముందు పక్కనున్న లింగాలకొండకి వెళ్లండి. కొండరాతినే వరసలు వరసలుగా చెక్కిన స్తూపాలు అక్కడున్నాయి. కట్టినవి కావు, కొండలోంచి తీసినవి. అవి చూశాక బొజ్జన్నకొండ మీది పెద్ద స్తూపం ఎలా పుట్టిందో అర్థమవుతుంది: లోపల రాయి, చుట్టూ ఇటుక. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు ఇక్కడ సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా దొరికింది. వాన తగ్గాకే ఎక్కండి, రాయి జారుతుంది.

వానాకాలంలో వస్తే వలస పక్షులు కాక పోయేది ఇంకొక్కటే, అనకాపల్లి కొత్త బెల్లం. చెరకు గానుగలు ఆడేది చలికాలంలో. దాని కోసం సంక్రాంతి దాటాక ఇంకోసారి రండి. నిల్వ బెల్లం కొనేటప్పుడు మాత్రం పసుపుపచ్చగా మెరిసే దిమ్మ వెంట పడకండి, ఆ రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. ముదురు రంగుదే అడగండి.