పొయ్యి వలదు: ఒక ఫుజైరా పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

మెదక్ సీమ కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ రెండు నియమాలు పెట్టుకున్నాడు. ఆధారం లేనిది రాయడు, అక్కర లేనిది చెప్పడు. ఈ టీకాకారుడు మొదటిది పాటిస్తాడు. రెండోదీ పాటిస్తే టీకా నాలుగు వాక్యాల్లో ముగిసిపోతుంది, కనుక దాన్ని మల్లినాథుడికే వదిలేశాడు.

సందర్భం. ఫుజైరాలో ఒక తెలుగు ఇంట పిల్లవాడి పుట్టినరోజు. విందు సాయంత్రం కోర్నిష్ అనే సముద్రపు ఒడ్డు బాట మీద. బిర్యానీ హోటల్ నుంచి వస్తుంది, కేకు బేకరీ నుంచి వస్తుంది. ఇంటి చేత్తో ఒకటైనా ఉండకపోతే బావుండదు. ఇల్లాలికి ఆరోజూ డ్యూటీ ఉంది. అందుకని పండూ చీజూ గుచ్చిన పుల్లలు. దీనికి కావలసిన శాస్త్రమంతా ఈ ఆటవెలదిలో ఉంది. మూలమూ టీకా ఒకరివే కాబట్టి కవి హృదయం టీకాకారుడికి తెలుసు. అయినా సంప్రదాయం ప్రకారం తెలియనట్టే వాదిస్తాడు.

మూలం

ద్రాక్ష జున్నుముక్క దాని వెనుక పుచ్చ
పుల్లఁ గుచ్చి పెట్టు పొయ్యి వలదు
ఎండ ముదిరెనేని యెట్టి జున్ను చెమర్చు
అతిథి వచ్చుదాక యైసుపెట్టె

ప్రతిపదార్థం

ద్రాక్ష = గింజలేని ద్రాక్షపండు; జున్నుముక్క = చీజు ముక్క (ఈనిన గేదె తొలిపాలతో వండే జున్ను పుల్ల మీద నిలవదు, కనుక ఇక్కడ చెప్పరాదు); దాని వెనుక = దాని తరువాత; పుచ్చ = పుచ్చకాయ ముక్క; పుల్లన్ = వెదురుపుల్లకు; గుచ్చి పెట్టు = గుచ్చి పళ్లెంలో పేర్చుము; పొయ్యి = గ్యాస్ స్టవ్వు, ఓవెన్, ఎయిర్ ఫ్రయర్ మొదలగునవి; వలదు = అక్కర లేదు; ఎండ ముదిరెనేని = ఎండ ఎక్కువైతే; యెట్టి జున్ను = ఎంత ఖరీదైన చీజైనను; చెమర్చు = చెమట పోయును; అతిథి వచ్చుదాక = పిలిచిన వేళకు గంటన్నర తరువాతి వరకు; ఐసుపెట్టె = ఫ్రిజ్జు. ఇక్కడ "అందుంచుము" అని అధ్యాహారం. కవికి గణాలు చాలలేదు.

తాత్పర్యం

పండ్లూ చీజూ కోసి పుల్లకు గుచ్చాలి, ఫ్రిజ్జులో పెట్టాలి, జనం వచ్చాక తీయాలి.

విశేషాలు

"పొయ్యి వలదు." ఇది నిషేధమా, అనుమతా? అనుమతే అంటాం. ఈ ఎమిరేట్ల దేశంలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఆరుబయట ఎండలో కార్మికుల చేత పని చేయించకూడదని నియమం. వంటింటి పొయ్యి ముందు నిలబడ్డవారికి అది వర్తించదు. అందుకని ఆ ఇల్లాలికి కవి తనంతట తానే సెలవు ఇచ్చేశాడు. అయితే పొయ్యి లేదంటే పని లేదని కాదు. పని కత్తికీ పొడిగుడ్డకీ ఫ్రిజ్జుకీ బదిలీ అయింది. పొయ్యి మీద వంట చెడితే ఉప్పో నీళ్లో పోసి సర్దవచ్చు. ఇందులో సర్దుబాటు లేదు.

ఆక్షేపం: వెదురుపుల్లలను ముందుగా నీళ్లలో నానబెట్టాలి కదా, కోడిముక్కలు పుల్లకు గుచ్చి కాల్చే షీష్ తావూక్ చేసేవాళ్లు అలాగే చేస్తారు కదా? సమాధానం: వాళ్లు నానబెట్టేది నిప్పుల మీద పుల్ల కాలకుండా. నిప్పే లేనిచోట నానిన పుల్ల చీజును తడపడం తప్ప మరేమీ చేయదు.

"దాని వెనుక." ఈ పద్యానికి ప్రాణం ఈ సర్వనామంలో ఉంది. దగ్గరి పదాన్ని పట్టుకుంటే "దాని" అంటే చీజు. అప్పుడు వరస ద్రాక్ష, చీజు, పుచ్చ. చీజులో ఉప్పుంది. ఉప్పు తగిలిన చోటల్లా పుచ్చకాయ నీరు వదులుతుంది. అరగంటలో పళ్లెం అడుగున ఎర్రటి నీళ్లు, పైన జారుతున్న ముక్కలు. కాబట్టి కొందరు దూరాన్వయం చెబుతారు: "దాని" అంటే ద్రాక్ష, కనుక చీజుకూ పుచ్చకూ నడుమ ద్రాక్ష రావాలి. తొక్కతో ఉన్న ద్రాక్ష నీరు వదలదు, నీటిని దాటనివ్వదు. వ్యాకరణం మొదటివారి పక్షం, పళ్లెం రెండోవారి పక్షం. మేము పళ్లెం పక్షం. దగ్గరి అన్వయమే కావాలనుకునేవారు పుచ్చముక్కలను గుడ్డతో ఒత్తి తుడిచి, చిట్టచివర గుచ్చండి.

అసలు ఉప్పుచీజుకూ తీపిపండుకూ పొత్తేమిటి అని అడిగేవారు ఉంటారు. ఈజిప్టులో వేసవి వస్తే పుచ్చకాయతో తెల్లటి ఉప్పుచీజు తింటారు. అంతదూరం ఎందుకు, తోపుడుబండి మీద జామకాయ కోసి ఉప్పూకారం అద్ది ఇచ్చినప్పుడు మనలో ఎవరు వద్దన్నారు?

పూర్వపక్షం. తణుకు నుంచి వీడియో కాల్‌లో అత్తగారు: "పాలూ పండూ కలిపి పిల్లాడికి పెడతావుటే అమ్మాయ్?" ఈ మాట కొట్టిపారేయదగింది కాదు. చరకసంహిత సూత్రస్థానం 26వ అధ్యాయంలో పుల్లని పండ్లను పాలతో కలిపి తినరాదని ఉంది. సిద్ధాంతం: పనీరు పుట్టేదే పాలలో నిమ్మరసం పడి విరగడం వల్ల. ఆ విరోధం అక్కడే తీరిపోయింది. "అలాగేనండీ అత్తయ్యగారూ, పుల్లటివేం పెట్టడం లేదు" అని కోడలు అన్నది కూడా అబద్ధం కాదు. అయితే అత్తగారి మాటకు ఒక పండు దగ్గర నిజంగా బలముంది. అది అనాస. పచ్చి అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైము ఉంటుంది, పాల మాంసకృత్తులను విరగ్గొడుతుంది. చీజును అనాసకు ఆనించి గంటల తరబడి ఉంచితే మెత్తబడి చేదెక్కుతుంది. కివీకీ బొప్పాయికీ ఇలాంటి గుణమే. డబ్బాలో వచ్చే అనాస డబ్బాలోకి ఎక్కేటప్పుడే వేడి తగిలి ఆ గుణం పోగొట్టుకుంది, వాడుకోవచ్చు.

"యెట్టి జున్ను." శాకాహారులకు ఈ మాటలో ఒక హెచ్చరిక ఉంది. పాశ్చాత్య పద్ధతి చీజులు చాలావాటిని పాలు విరగడానికి రెన్నెట్ వేసి చేస్తారు. అది సంప్రదాయంగా దూడ కడుపు నుంచి తీసేది, ఇప్పుడు సూక్ష్మజీవుల నుంచి తీసేదీ దొరుకుతుంది. డబ్బా మీద చిన్నక్షరాలు చదవాలి. ఆ ఓపిక లేనివారికి పనీరే శరణ్యం. కాకపోతే పనీరుకు ఉప్పు తక్కువ, కాస్త చల్లుకోవాలి. హలూమీ అనే చీజు గట్టిది, ఉప్పటిది, పుల్లకు బాగా నిలుస్తుంది, కానీ పచ్చిగా తింటే పంటికింద కిచకిచమంటుంది. పెద్దలు కొందరికి అది నచ్చదు.

"చెమర్చు." ఇది శ్లేష. ఏడు ఎమిరేట్లలో ఫుజైరా ఒక్కటే పూర్తిగా ఒమన్ సింధుశాఖ ఒడ్డున ఉంది. సూర్యుడు సముద్రంలోంచి లేచి హజర్ కొండల వెనక దిగుతాడు. కాబట్టి కోర్నిష్‌కు నీడ పెందలాడే వస్తుంది, ఉక్క మాత్రం పోదు. ఈ గాలిలో చీజుకు రెండు చెమటలు. మొదటిది లోపలిది: వెచ్చబడిన చెడ్డారు తన కొవ్వును నూనెగా పైకి వదలడం. రెండోది బయటిది: ఫ్రిజ్జులోంచి తీసిన చల్లటి ముక్క మీద గాలిలోని తేమ బొట్లు కట్టడం. మొదటిదానికి మందు చల్లదనం, రెండోదానికి కారణం చల్లదనమే. ఇక్కడ కవి చెప్పని ఉపాయం ఒకటి టీకాకారుడు చెబుతాడు: పళ్లెం మూతతోనే బయటికి తేవాలి, బొట్లు మూత మీద కడతాయి. కొన్ని కొన్నిగా తీయాలి, మిగతావి ఐసు నింపిన కూలర్‌లో ఉండాలి.

"పుచ్చ." ఎక్కడిదో కవి చెప్పలేదు. మసాఫీ దారిలో శుక్రవారం సంత ఉంది, పేరుకు శుక్రవారం, తెరిచి ఉండేది వారమంతా. అక్కడ కొనడమే మాకిష్టం, బేరమాడవచ్చు. దిబ్బా వైపు తోటల మామిడి దొరికే కాలమైతే పుచ్చ బదులు మామిడి అని పాఠాంతరం. గణం చెడుతుంది, పరవాలేదు.

"గుచ్చి." అయిదేళ్ల లోపు పిల్లలకు ద్రాక్షను గుండుగా ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడుతుంది. నిలువునా నాలుగు చీలికలు చేసి గిన్నెలో వేసి ఇవ్వాలి. వాళ్లకు పుల్లే వద్దు. కాస్త పెద్దపిల్లలకు గుచ్చడం అయ్యాక పుల్ల మొనను కత్తెరతో తుంచాలి.

"అతిథి వచ్చుదాక." వచ్చాక ఎంతసేపు? కోసిన పండూ చీజూ బయట రెండు గంటలు మించి ఉండరాదు. గాలి 32 డిగ్రీలు దాటితే ఒక గంటే. ఫుజైరాలో ఏడాదిలో చాలా నెలలు ఈ రెండో లెక్కే వర్తిస్తుంది. గంట దాటి మిగిలినవాటిని "పాపం, పారేయడం ఎందుకు" అని ఇంటికి తేవద్దు. కోర్నిష్ నుంచి బయల్దేరే ముందు పుల్లలు లెక్కపెట్టుకోండి, ఇసుకలో పిల్లలు చెప్పులు లేకుండా పరిగెడతారు.