చింతపండు పెట్టకమ్మా!

లండన్

అమ్మా,

నానమ్మ పెట్టెలో వెండి రూపాయలు నల్లబడ్డాయనీ, లక్ష్మి నల్లగా ఉండకూడదు కాబట్టి చింతపండుతో తోమి ఆబిడ్స్‌లో అమ్మేస్తాననీ రాశావు. పైగా నేనిక్కడ పాత చిల్లర కొంటున్నానని తెలిసి మతి ఉందా అని అడిగావు. ఉంది. తిండి తింటున్నాను. దగ్గు తగ్గింది. పెళ్లి సంగతి తర్వాత. ముందు ఆ చింతపండు కింద పెట్టు.

ఆ నలుపు మురికి కాదు, గాలిలోని గంధకం తగిలి వెండికి పట్టిన పొర. తోమితే దానితోపాటు అచ్చులో వచ్చిన మెరుపూ పోతుంది, సన్నగీతలు పడతాయి. తోమిన నాణెం అని తెలిస్తే ఇక్కడ బేరం అక్కడితో సరి.

ఇక ఇక్కడి వ్యాపారులు నాణేలకిచ్చే తరగతులు విను. కింది నుంచి ఫెయిర్, ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, అన్‌సర్క్యులేటెడ్. ఫైన్ అన్నారని మురిసిపోకు, అది బాగా అరిగిన సరుకు. ఎత్తుగా ఉన్నచోటే ముందు అరుగుతుంది కనుక విక్టోరియా రాణిగారి కనుబొమ, చెంప, చెవి మీది జుట్టు చూస్తారు. నాణేన్ని అంచులు పట్టుకుని, దీపం కింద వాల్చి తిప్పుతారు. మొహం మీద వేలు పడితే అపచారం. అమెరికావాళ్లైతే ఇదీ చాలక 1 నుంచి 70 దాకా మార్కులేస్తారు. నాన్న కూడా పరీక్ష పేపర్లు ఇంత పిసినారిగా దిద్దరు.

తర్వాత సంవత్సరం. ఇంగ్లండు వెండి చిల్లరలో 1919 దాకా నూటికి 92.5 పాళ్లు వెండి, 1920 నుంచి సగమే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా దగ్గర తెచ్చుకున్న వెండి తిరిగివ్వాల్సి వచ్చి, 1947 నుంచి అసలే లేదు. మన కల్దార్ (బ్రిటిష్‌వాళ్లు ముద్రించిన) రూపాయి తులం తూగాలి, అంటే 11.66 గ్రాములు. విక్టోరియాదైతే 91.7 పాళ్లు వెండి. చార్మినార్ బొమ్మ ఉన్నవి నిజాం హాలీ సిక్కాలు, వాటిని వేరే మూట కట్టు. 1911 జార్జి రూపాయి దొరికితే బీరువాలో దాచు. రాజుగారి అంగీ మీది ఏనుగు పందిలా ఉందని గొడవైతే మరుసటేడు దాన్ని సరిదిద్దారు.

ఆబిడ్స్‌లో మోసం చేస్తారని నీ భయం. ఇక్కడ 1887లో ఆరు పెన్నీల బిళ్ల అర సావరిన్‌ను పోలి ఉందని, జనం బంగారు పూత పూసి ఇరవై రెట్లకి చెలామణి చేశారు. సర్కారు అదే ఏడు బొమ్మ మార్చింది. కాబట్టి ఆదివారం నాన్న పాత పుస్తకాలు ఏరుకునే ఆ ఆబిడ్స్ ఫుట్‌పాత్ ఒక్కదాన్నే అనకు. అమ్మేముందు నాంపల్లిలో మన కంసాలి దగ్గర తూకం వేయించు, చాలు.

పెట్టె అడుగున కొండి అతికించిన రూపాయలుంటాయి, నానమ్మ మెళ్లో వేసుకునేవి. టంకం పడిన నాణేనికి ఏ తరగతీ లేదు, వెండి ధరే. రాణి ముక్కు కూడా మిగల్లేదు. నానమ్మ ఒంటి చెమటకీ, చీర కొంగు రాపిడికీ అరిగింది. నాన్న ఫీజులకి నానమ్మ మిగతావెన్నో ఒక్కొక్కటే అమ్మి వీటిని మాత్రం ముట్టుకోనివ్వలేదని నువ్వే చెప్పావు. అవి నాకుంచు. వాటికి ఎవరైనా ధర చెబితే, అది నాన్నే అయినా సరే, నాకు ఫోన్ కలుపు.

నీ కొడుకు