పదో మనిషి పేరు బావమరిది

"అడ్డంకులు బయట లేవండీ, మన బుర్రలోనే ఉన్నాయి" అని అవగాహన సదస్సుల్లో టై కట్టుకున్న పెద్దమనుషులు సెలవిస్తుంటారు. ముందు వరుసలో బ్యాంకువాళ్లు, ఆఖరి వరుసలో గోళ్లలో గ్రీజుతో లేత్ మిషన్ల వాళ్లు. నంద్యాల మేస్త్రి సమోసా తిని, టీ తాగి, బుర్రలో అడ్డంకిని వెతుక్కుంటూ షాపుకొచ్చేసరికి అక్కడ కరెంటు ఉండదు. ఫ్యూజు కూడా బుర్రలోనే పోయిందేమో మరి!

పెద్దమనుషుల మాటకు ఆధారం లేకపోలేదు. సులభ వ్యాపారం జాబితాలో మన రాష్ట్రం 2016లో తెలంగాణతో కలిసి ఫస్టు. తర్వాతి జాబితాలోనూ ఫస్టే, 2020 సెప్టెంబరులో ప్రకటించినదాంట్లోనూ ఫస్టే. 2022 జూన్ 30న ర్యాంకులు మానేసి వర్గాలుగా విడదీసినా మనం పైవర్గంలోనే తేలాం. సింగిల్ డెస్క్‌లో 21 రోజుల్లో అనుమతులు చేతిలో పెడతామని 2015 నుంచీ చెబుతున్నారు. ఇప్పుడు ఆ సౌలభ్యం కూడా పాతబడి 'స్పీడ్ ఆఫ్ డూయింగ్ బిజినెస్' అంటున్నారు.

ఆ 2022లోనే ఏప్రిల్ 8 నుంచి రెండు వారాలు పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించారు. వారపు సెలవు కాక ఇంకో రోజు షట్టరు దించాలి. ఏప్రిల్ అంటే గొర్రు, గుంటక, ట్రాలీ చేసి సిద్ధంగా పెట్టుకునే కాలం. జూన్‌లో రెండు వానలు పడగానే రైతు వచ్చి నిలబడతాడు. "కరెంటు లేదన్నా, పదిరోజులాగి రా" అంటే రైతు ఆగుతాడేమో గానీ నల్లరేగడి పదును ఆగదు. అదే ఏడాది పరిశ్రమలకు విద్యుత్ సుంకం యూనిట్‌కు 6 పైసల నుంచి రూపాయికి ఎగిరింది. ఆగస్టులో ట్రూ అప్ చార్జీలు దిగాయి, 2014-19 మధ్య వాడిన కరెంటుకు! ఆ కరెంటుతో చేసిన గొర్రు ఎప్పుడో తుప్పుపట్టి పాత ఇనుప సామాన్లవాడి తక్కెడెక్కి ఉంటుంది. రైతు ఇంటికి పోయి "అన్నా, అప్పుడు నువ్వు కొన్న గొర్రుకు ఇప్పుడు ట్రూ అప్ పడింది, తీయి" అని అడిగేంత స్పీడు మన మేస్త్రులకింకా రాలేదు. పక్కనే పాణ్యం మండలం పిన్నాపురం గుట్టల్లో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు. దాని ఫొటో సదస్సు తెర మీద బాగా కనిపిస్తుంది, జనరేటరు ఉంటే.

ఇనుము సంగతికొద్దాం. బళ్లారి పక్కన తోరణగల్లులో అంత పెద్ద ఉక్కు కార్ఖానా ఉన్నా, మనకు రేకు రేటు నిర్ణయించేది చైనా. ఆ చైనా ఉక్కు నుంచి పెద్ద కంపెనీలను కాపాడటానికి 2025 ఏప్రిల్‌లో 12 శాతం రక్షణ సుంకం వేశారు. ఆ పెద్ద కంపెనీల నుంచి మేస్త్రిని కాపాడే సుంకం ఎవరికీ తట్టలేదు. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి దుక్కి పనిముట్ల మీద జీఎస్టీని 12 నుంచి 5కి దించారు. రైతుకు మేలే, కాదనను. కానీ ఇనుము మీద 18 అలాగే ఉంది. మేస్త్రి కొనేటప్పుడు 18 కట్టి, అమ్మేటప్పుడు 5 వసూలు చేసి, మిగిలినదాని కోసం రీఫండ్‌కు అర్జీ పెట్టుకోవాలి. లేత్ మిషను కొన్నప్పుడు కట్టిన పన్ను ఆ రీఫండ్ లెక్కలోకి రాదు. ఆడిటరు ఫీజు మీది పన్నూ రాదు. ఆడిటరు మాత్రం వస్తాడు.

ఇక పనివాళ్లు. పదిమంది ఉంటే ఈఎస్ఐ, ఇరవైమంది ఉంటే పీఎఫ్. అందుకే మన షాపుల్లో ఎప్పుడు లెక్కపెట్టినా తొమ్మిదిమందే. పదోవాడు హెల్మెట్ మొహానికి అడ్డం పెట్టుకుని నిప్పురవ్వల మధ్య వెల్డింగ్ చేస్తూ కనిపించినా, ఇన్‌స్పెక్టరు అడిగితే "మా బావమరిది సార్, ఊరికే చూసిపోదామని వచ్చినాడు" అంటారు. నంద్యాలలో ఇంతమంది బావమరుదులకు వెల్డింగ్ మీద ఇంత మోజెందుకో సమాజశాస్త్రవేత్తలు తేల్చాలి. చట్టాన్ని నేను తప్పుబట్టను. గ్రైండరు రాయి పగిలి కన్ను పోయిన రోజు ఆ ఈఎస్ఐ కార్డు అవసరం బావమరిదికే. కానీ కార్డు తప్పించుకుంటే తప్ప షాపు నిలవని లెక్క ఎవరు వేశారో, ఆ ర్యాంకులిచ్చినవాళ్లు ఒకసారి చూస్తే బాగుండేది.

సరే, సరుకైనా అమ్ముకుందామంటే సబ్సిడీ అడ్డం. సబ్సిడీ పథకంలో చేరాలంటే పనిముట్టుకు పరీక్ష రిపోర్టు కావాలి. మనకు దగ్గరి పరీక్షా కేంద్రం అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది. తన పొలానికి తగ్గట్టు పళ్ల మధ్య ఎడం రెండంగుళాలు జరపమని రైతు అడిగితే మేస్త్రి సాయంత్రానికి జరిపిస్తాడు. ఆ రెండంగుళాలతో అది రిపోర్టులో లేని వస్తువైపోతుంది. పరాయి రాష్ట్రం నుంచి రంగులేసుకుని వచ్చిన పనిముట్టుకు సబ్సిడీ. అది విరిగితే అతికించడానికి మళ్లీ ఈ మేస్త్రే.

"మరి ఎస్పీవై రెడ్డి గారు నంద్యాలలోనే పైపుల కంపెనీ పెట్టలేదా?" అని టై పెద్దమనిషి కన్నెగరేస్తాడు. పెట్టారు. భాభా అణు పరిశోధన కేంద్రంలో ఉద్యోగం మానుకుని వచ్చి, ఎంపీ కాకముందే నిలబెట్టారు, గొప్పే. ఒకాయన ఈదాడని కేసీ కాలువకు గట్లు వద్దంటామా?

కాబోయే రాష్ట్రపతిని 1977లో, పదవిలో ఉన్న ప్రధానిని 1991లో లోక్‌సభకు పంపిన ఊరు కదా, ఎన్నికలంటే ఇక్కడ సందడే. కోడ్ వచ్చాక కాగితాలు లేకుండా రూ.50,000 మించి తీసుకుపోతుంటే చెక్‌పోస్టులో పట్టేస్తారు. ఇనుము కొనడానికి కర్నూలు బయలుదేరిన మేస్త్రి దొరుకుతాడు. పంచాల్సినవాళ్లది ఎలా చేరాలో అలా చేరుతుంది.

ఆళ్లగడ్డ శిల్పుల కథ ఇంకో మెట్టు పైన. ఇప్పుడక్కడ ఉలితో పాటు కటింగ్ మిషన్లు, గ్రైండర్లు మోగుతున్నాయి కాబట్టి వాళ్లనూ మన లెక్కలో కలుపుకోవచ్చు. బండలోంచి వేంకటేశ్వరస్వామి బయటికొస్తే 2018 జులై నుంచి పన్ను సున్నా. అదే బండలోంచి నాయకుడు బయటికొస్తే మొన్నటిదాకా 12, ఇప్పుడు 5. అంటే నాయకుడు దేవుడు కాడని జీఎస్టీ కౌన్సిల్ తేల్చేసింది. ఢిల్లీలో ఉంటారు కాబట్టి ధైర్యంగా తేల్చారు. ఆళ్లగడ్డ నాలుగురోడ్ల కూడలిలో నిలబడి ఆ మాట అనమనండి చూద్దాం.

విగ్రహానికి ముసుగు తీసి, దండలేసి, ఫొటోలు దిగి వెళ్లినవాళ్లు బాకీ మరిచిపోతే? భయమెందుకు, 2006 నాటి చట్టముంది. చిన్న పరిశ్రమకు 45 రోజుల్లో సొమ్ము చెల్లించాలి, దాటితే బ్యాంకు రేటుకు మూడింతలు చక్రవడ్డీ. ఫిర్యాదుకు ఆన్‌లైన్ పోర్టల్ కూడా పెట్టారు. నింపడం సులభమే. సరుకు వివరం, బిల్లు తేదీ, బాకీ మొత్తం. ఆ తర్వాత, ఎగ్గొట్టినవారి పేరు.